తాబేలు అడిగిన ప్రశ్న

“అక్కా, తాబేలు వచ్చింది.”

సాఫ్ట్‌వేర్‌కు పరీక్షలు చేసే అమ్మాయి ఆ మాట అన్నదంటే టీమ్ లీడ్‌కు ఆ పూట కాఫీ చల్లారిపోయినట్టే లెక్క.

ఊరూరా ఉన్న ఆసుపత్రులు తమ దగ్గర ఏ గ్రూపు రక్తం ఎంత ఉందో ఒకే పేజీలో రాసుకునే సాఫ్ట్‌వేర్ అది. ఒకచోట రాస్తే అన్నిచోట్లా కనబడుతుంది. కావలసినవాళ్లు ప్యాకెట్ ఎదురుగా తమ ఆసుపత్రి పేరు రాసుకుంటే అది వాళ్లది. టీమ్ లీడ్‌గా ఆమె మొదటి నుంచి చివరిదాకా తన భుజాల మీద వేసుకున్న తొలి పని. ఇది నిలబడితే తను నిలబడ్డట్టు.

ప్రారంభానికి ముందు తప్పులు బయటపడాలని నమూనా పేజీని అందరికీ తెరిచి ఉంచారు. ఆమె ఆ లింకును ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టింది. భర్త ఒక బొటనవేలు బొమ్మ పడేశాడు. మిగతావాళ్లు ఉలకలేదు, పలకలేదు.

పేరు చెప్పకుండా వచ్చినవాళ్లకు పేజీయే ఒక జంతువు పేరు తగిలిస్తుంది. ఈ మనిషికి తాబేలు దక్కింది. దక్కాల్సినవాళ్లకే దక్కిందని టీమంతా నవ్వుకుంది.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే తడుముకుంటూ పడుతున్నాయి.

“ఒకే ప్యాకెట్ కోసం ఇద్దరు ఒకేసారి రాస్తే ఎవరి పేరు ఉంటుందండీ? తప్పయితే చెరిపెయ్యండి.”

ప్రతి ప్రశ్నకూ ఆ తోక ఉండాల్సిందే.

ఆమె టకటకా జవాబు కొట్టింది. “చివర రాసినవాళ్లది.”

 తాబేలు మళ్లీ బయల్దేరింది, ఈసారి తోక లేకుండా.

“మరి ముందు రాసినవాళ్లు రక్తం వస్తోందనే అనుకుంటూ కూర్చుంటారు కదండీ?”

టీమంతా కుర్చీలు లాక్కుని ఆమె తెర చుట్టూ చేరింది.

దాన్ని సరిచేసేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఇద్దరి పేర్లూ నిలుస్తాయి. ఇద్దరి ఫోన్లూ మోగుతాయి. డాక్టర్లు మాట్లాడుకుని ఎవరికి ముందో తేల్చుకుంటారు. ఎవరు అడిగినా అడక్కపోయినా ఇది తమకు తట్టేదేనని ఆమె తనకు తాను చెప్పుకుంది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు మంచినీళ్లు అందిస్తూ, ఇవాళ పని ఎంతవరకూ వచ్చిందని అడిగింది. రోజూ అడిగేదే.

“మీకు చెప్పినా అర్థం కాదులెండి అత్తయ్యా,” అంది ఆమె. రోజూ చెప్పేదే.

ప్రారంభం దగ్గరపడింది. మేనేజర్ వచ్చి ఆమె వెనక నిలబడి పేజీ ముందుమాట చదువుతున్నాడు. సరిగ్గా అప్పుడే దాని కింద తాబేలు పాకడం మొదలెట్టింది.

“ఇంత మంచి పని చేసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవేమండీ? తప్పయితే చెరిపెయ్యండి.”

మేనేజర్ పగలబడి నవ్వాడు. “ఎవరమ్మా ఈ అభిమాని? నువ్వే ఎవరితోనో రాయిస్తున్నావా?”

ఆమె ముఖం కందగడ్డ అయింది. తాబేలును బయటికి పంపేసి, ఆ ప్రశ్నను చెరిపేసి, పేరు చెప్పని అతిథులకు పేజీ తలుపు మూసేసింది.

ప్రారంభమైన వారంలోనే ఆ రోజు వచ్చింది. అరుదైన గ్రూపు రక్తం, ఉన్నది ఒకే ఒక్క ప్యాకెట్. రెండు ఆసుపత్రులు ఒకేసారి తమ పేర్లు రాశాయి. రెండు చోట్లా ఫోన్లు మోగాయి. ఒకచోట ఆపరేషన్ మర్నాటికి జరపవచ్చు. రెండోచోట కాన్పు కష్టమైన తల్లి. ప్యాకెట్ ఆ తల్లి కోసం బయల్దేరింది. సాయంత్రానికి తల్లీబిడ్డా క్షేమమన్న కబురు ఆఫీసుకు అందింది.

ఆఫీసులో చప్పట్లు మోగాయి. మేనేజర్ ఆమె చేతికి షీల్డ్ ఇచ్చాడు.

ఆమెకు ఛాతీ ఉప్పొంగింది. కానీ అబద్ధం ఆడాలనిపించలేదు. “ఇది నాకు తట్టింది కాదు సార్. తాబేలు అడిగింది. ఆ మనిషి ఎవరో తెలిస్తే ఇక్కడికి పిలిచి, ఈ షీల్డ్ నా చేతులతో ఇచ్చేదాన్ని,” అంది.

“పిలవడానికి అడ్రసేది అక్కా? తలుపు మనమే మూసేశాం కదా,” అంది పరీక్షలు చేసే అమ్మాయి.

ఆ మాట ఇంటిదాకా ఆమె వెంటే వచ్చింది.

గేటు తీయబోతుంటే గోడ దగ్గర అత్తగారి గొంతు వినిపించింది. పక్కింటావిడకు చెబుతోంది. ఎదుట ఒక్కనాడూ మెచ్చుకోని మనిషి గొంతులో అంత గర్వం ఆమె ఎన్నడూ వినలేదు.

“ఇద్దరూ ఒకేసారి రాశారనుకో, ఎవరి పేరూ చెరిగిపోదు. ఇద్దరి ఫోన్లూ మోగుతాయి. అదంతా మా కోడలు చేసిందే.”

ఆమె గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“అత్తయ్యా, ఇవన్నీ మీకెవరు చెప్పారు?”

అత్తగారు దొరికిపోయినట్టు చూసింది. కొంగుతో ఫోను తుడుస్తూ అంది.

“నువ్వు చెప్పవుగా. గ్రూపులో లింకు పెట్టావని మధ్యాహ్నాలు కూడబలుక్కుంటూ చదివాను. ఈమధ్య ఆ పేజీ నన్ను లోపలికి రానివ్వడం లేదమ్మా. అడగడం తప్పయితే చెప్పకులే గానీ, ఇంతకీ అందులో నీ పేరు పెట్టారా, లేదా?”