ఫిడేలు ఆగే చోటు

1988 జూన్ 14, మెల్‌బోర్న్. నా మనవరాలు ఫ్రీమా పెళ్లి ఆదివారమే కనుక ఇవాళే రాసిపెడుతున్నాను.

ఫ్రీమా మా యూదుల పెళ్లిళ్లలో వాయించే క్లెజ్మర్ మేళాన్ని కుదుర్చుకుంది. నిన్న వాళ్ల టేపు వినిపించింది. పెళ్లికూతుర్ని కూర్చోబెట్టేటప్పుడు వాయించే పాట. మధ్యలో ఫిడేలు ఠక్కున ఆగి, నాలుగు లెక్కపెట్టేంత సేపటికి మళ్లీ మొదలైంది.

"ఎందుకాగారే?"

"అది సంప్రదాయం అమ్మమ్మా! 1930లో పోలండ్‌లో ఎవరో ముసలాయన వాయిస్తుంటే ఇంటికెళ్లి రికార్డు చేశారట. వీళ్లు అచ్చం అలాగే నేర్చుకున్నారు. నువ్వెలాగూ వంక పెడతావుగా, ఆ ఖాళీ పూడ్చేయమంటాలే."

"ముసలాయనేమిటి? అప్పటికి నలభై రెండేళ్లే."

ఫ్రీమా టేపు ఆపి నావైపు తిరిగింది.

వాయించింది మా నాన్న. రికార్డు చేసిన రోజే నేను ఆయనతో పోట్లాడి, పాట నడుస్తుండగానే తలుపు వేసి ఇల్లు వదిలాను. లోపల ఫిడేలు ఆగింది. నా అడుగులు వెనక్కి వస్తాయేమోనని విన్నాడు. నేను మెట్ల మీదే ఉన్నాను, లోపలికి వెళ్లలేదు. యుద్ధం తర్వాత ఆ ఊళ్లో మావాళ్లెవరూ మిగల్లేదు.

జరగవలసినవి:

1. ఆ పాటే వాయించాలి.
2. ఖాళీ పూడ్చకూడదు. నాలుగంటే నాలుగే.
3. నన్ను ముందుగా హాల్లో కూర్చోబెట్టకూడదు. తలుపు బయట నిలబడతాను. ఫిడేలు ఆగగానే లోపలికి వస్తాను.