చేన్లో విమానం

"ఇంజను యాడప్పా?"

లారీ మీంచి క్రేనుతో ఎత్తి తన వేరుశనగ చేన్లో పెట్టిన రెండు సీట్ల పాత విమానం చుట్టూ తిరిగి, తిమ్మప్ప పడీపడీ నవ్వినాడు. "ఫోన్లో బేరమాడితే బొంబాయోడు నీకు వట్టి డబ్బా అంటగట్టినాడు, రాజేంద్రరెడ్డీ."

జనమూ నవ్వినారు.

హైవే పక్కనున్న ఆ చేను కోసం రెడ్డి ఏడాదిగా తిమ్మప్ప వెంటపడుతున్నాడు.

"ఇంజను వద్దని నేనే చెప్తి," అన్నాడు రెడ్డి నింపాదిగా. "టీ అంగడి కాడ పదిమందిలో నువ్వేమంటివి తిమ్మప్పా?"

"మొగోడివైతే నా చేన్లో విమానం దింపు, చేను రాసిస్తా అంటి."

"మరి లారీలోంచి దింపినా గదా."

తిమ్మప్ప ఖాళీ లారీ వైపు చూసినాడు.

జనం ఈసారి అతని వైపు తిరిగి నవ్వినారు. తిమ్మప్ప పెండ్లాం బయమ్మ మాత్రం నవ్వలేదు.

"మాట మీద నిలబడే మొగోనివి గదా, పోయి ఏలిముద్ర వెయ్యి," అనింది. "నేను ఆ నాలుగు చెనిక్కాయ చెట్లన్నా పెరుక్కుంటా."