కాయ నిలబడ్డ చోటు

"ఆగిపోయింది! మళ్లీ ఆగిపోయింది!" సుమంత్ తల పట్టుకున్నాడు.

విడిభాగాలు తెప్పించి సొంత చేతులతో బిగించిన కంప్యూటర్ అది. ఆన్ చేస్తే చాలు, తెర మీద ఒకటే పాట. ఏదో యూఎస్‌బీ పోర్టు కరెంటు ఎక్కువ లాగుతోందట, పదిహేను సెకన్లలో ఆపేస్తుందట. అన్నట్టే ఆపేస్తోంది. ఏ పోర్టో మాత్రం చెప్పి చావదు.

"పదకొండింటికి నా ఉద్యోగం టెస్టు," అంది అతని భార్య అపర్ణ. "కెమెరా లేకపోతే రాయనివ్వరు. ఫోన్లో కుదరదు. ఇది పోతే మళ్లీ ఏడాది దాకా పిలవరు. షాపులో రెడీగా ఉన్నది కొందామంటే విన్నారా? ఇంజనీరు గారాయె!"

గడియారంలో పది ఇరవై అయింది. సుమంత్ కెమెరా పీకాడు, మౌసు పీకాడు, కీబోర్డు పీకాడు. వెనకున్న పోర్టులన్నీ టార్చి వేసి చూశాడు. అద్దంలా ఉన్నాయి. మళ్లీ ఆన్ చేశాడు. పదమూడు, పద్నాలుగు, పదిహేను... టప్! మాచర్లలో మెకానిక్ నౌషాద్‌కి ఫోన్ చేస్తే, "బోర్డు పోయినట్టుందన్నా, పట్టుకురా" అన్నాడు. వెల్దుర్తి నుంచి ఎప్పుడు పోను, ఎప్పుడు రాను!

అప్పుడు లేచాడు సుమంత్ తండ్రి యల్లమంద. ఆయన నీళ్లు చూస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు, కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు వేయమంటాడు. ఇప్పుడూ వంటింట్లోంచి ఒక కాయ తెచ్చాడు.

"జరగరా, నేను చూస్తా."

"నాన్నా, ఇది బోరు పాయింటు కాదు. నవ్విపోతారు."

"నీకు దొరికిందా? దొరకలా. మరి జరుగు."

పెరుగు తోడుకి వచ్చిన పక్కింటి నాగేంద్రమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మూత తీసి పక్కకి పడుకోబెట్టిన కంప్యూటర్ డబ్బా మీదుగా యల్లమంద చెయ్యి మెల్లగా కదిలింది. ఫ్యాను దాటింది. కాయ ఉలకలేదు, పలకలేదు. కింది మూలకి వచ్చేసరికి కాయ వణికింది. అందరూ చూస్తుండగానే మెల్లగా లేచి నిటారుగా నిలబడింది!

సుమంత్ టార్చి పట్టుకుని ముందుకి వంగాడు.

"ఇక్కడ తవ్వు," అన్నాడు యల్లమంద. "ఈ వైరు కింద."

డబ్బా ముందువైపు పోర్టులకి వెళ్లే వైరది. సుమంత్ కరెంటు ప్లగ్గు తీసేసి, ఆ వైరు ఊడబీకాడు. కింద సూదుల్లాంటి తొమ్మిది పిన్నులు. అందులో ఒకటి వంగిపోయి పక్కదాన్ని ఆనుకుని ఉంది. పిన్నీసుతో దాన్ని నిలబెట్టి, వైరు, కెమెరా, ప్లగ్గు మళ్లీ పెట్టి, స్విచ్చి నొక్కాడు.

పద్నాలుగు. పదిహేను. పదహారు. ఇరవై! కెమెరా లైటు వెలిగింది. తెర మీద అపర్ణ మొహం కనపడింది.

"మావయ్యా!" అపర్ణ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"నీ చేతిలో ఏముంది అన్నయ్యా!" నాగేంద్రమ్మ బుగ్గలు నొక్కుకుంది. "రేప్పొద్దున మా టీవీ కూడా చూద్దువుగాని."

పది యాభైకి అపర్ణని గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరేసి, తండ్రీకొడుకులు వసారాలోకి వచ్చారు. సుమంత్‌కి ఇంకా నమ్మకం కుదరడం లేదు. నాలుగేళ్లు చదివిన చదువులో ఇలాంటిది ఒక్క పేజీ లేదు. చటుక్కున వంగి తండ్రి కాళ్లు పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ నిన్ను తీసిపారేశాను నాన్నా. నీది మామూలు విద్య కాదు."

యల్లమంద మూసిన తలుపు వంక ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"లెగరా! కోడలికి మాత్రం చెప్పమాక. పొద్దున నువ్వు ఆ వైరు పెట్టకముందు డబ్బాలో దుమ్ము దులుపుతుంటే నా తువ్వాలు తట్టుకుంది ఆ సూదికే!"