అయూబ్ పసుపు చీటీ

"తొమ్మిదో రోజు. నీ చీటీ ఇంకా మధ్య గడిలోనే ఉందేంటి అయూబ్?" గోడ దగ్గర నిలబడి అడిగాడు మేనేజర్ శశిభూషణ్.

అందరూ నిలబడే ఉన్నారు. కూర్చుంటే మాటలు సాగుతాయట, అందుకని పొద్దుటి మీటింగు నిలబడే జరగాలి. రెండువేల ఎనిమిదిలో హైదరాబాదు వెళ్లి మూడు రోజులు ట్రైనింగయి వచ్చాడు శశిభూషణ్. అప్పట్నుంచి గుంటూరులోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పద్ధతి వెంట్రుకవాసి తప్పడానికి లేదు. గోడ మీద మూడు గడులు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. మనిషికో రంగు చీటీ, దాని మీద వాళ్ల పని. చివరి గడిలోకి చీటీ చేరితే అందరూ చప్పట్లు కొట్టాలి. మధ్యలో ఉండిపోతే అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవాలి.

"మిర్చి బస్తాల నంబర్లు కలిసిపోతున్నాయండీ. ఒక రైతు పేరు కొడితే ఇంకో రైతు సరుకు చూపిస్తోంది. నాలుగు రోజులు నన్ను కదిలించకుండా వదిలేస్తే..."

"మనిషికి ఒక్క నిమిషమే. తర్వాత నువ్వు, రచనా."

అయూబ్‌కి కాళ్లు పీకుతున్నాయి. తొమ్మిది రోజులుగా ఇదే మాట చెబుతున్నాడు, ఎవరూ రెండో ప్రశ్న అడగరు. రైతులు దాచుకున్న మిర్చి లెక్క చూసే ఈ సాఫ్ట్‌వేర్‌ని సోమవారం సత్తెనపల్లి కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి. ఏడాదంతా చాకిరీ చేసి పండించిన సరుకు ఇంకొకడి లారీ ఎక్కితే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది?

మర్నాడు అతను వచ్చేసరికి పసుపు చీటీ అయిపోయిన గడిలో ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"అది అవలేదండీ. అక్కడ నేను పెట్టలేదు," అన్నాడు అయూబ్.

"ఆ గడిలోకి వెళ్లింది వెనక్కి రాదు. ఏమన్నా మిగిలితే వచ్చే విడతకి కొత్త చీటీ రాసుకో."

"సోమవారానికి సరుకంతా తారుమారవుద్దండీ."

"గోడ మీద అంత స్పష్టంగా కనపడుతుంటే ఇంకా వాదిస్తావేంటయ్యా," విసుక్కున్నాడు శశిభూషణ్.

ఇక ఓపిక లేదు. అయూబ్ వరండాలోకి వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. ఆఫీసు ఊడ్చే జోహరాబీ టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. ఆమె మొహం సంతోషంతో వెలిగిపోతోంది.

"చప్పట్లు వినపడ్డాయి బాబూ. ఇయ్యాళ నిన్నేమీ అనలేదు కదా?"

అయూబ్ లేదన్నట్టు తలూపాడు.

"రోజూ నిన్నొక్కణ్ణే పట్టుకుని అడుగుతుంటే నా మనసు ఊరుకోలా. అందుకే పొద్దున ఊడ్చేటప్పుడు నీ పసుపు కాగితం తీసి, చప్పట్లు కొట్టే వైపు అంటించా."