పేరులేని రాత

"చెయ్యి దించకు! ఆ సుద్దముక్క అట్లనే పట్టుకొని నిలబడు!"

గుమ్మంలోంచి ఖుద్దూస్ సార్ అరిచిన అరుపుకు రఫియా చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. కొన్నాళ్లుగా ఎవరో లెక్చరర్ల పాఠాల మీద బోర్డు నిండా ఉర్దూలో రాసి, పేరు పెట్టకుండా పోతున్నారు. దొంగ దొరికిందన్న సంబరం ఆయనకు క్షణం కూడా నిలవలేదు. తీరా చూస్తే ఇవాళ్టి రాత ఆయన మీదే. చదువుతుంటే చెవులు వేడెక్కాయి.

"నడువు ప్రిన్సిపాల్ దగ్గరికి. నీ పేరు కొట్టేపిస్త!"

"మాఫ్ చెయ్యుండ్రి సార్. మా అబ్బాకు తెలిస్తే మల్ల ఎల్లారెడ్డిల కాలేజీకని బస్సెక్కనియ్యడు. నా చదువు ఆగిపోతది."

"పేరు రాసేటందుకు ధైర్యం లేదుగాని, సార్ల ఇజ్జత్ తీసేటందుకు ఉన్నదా?"

పైకి కోపమేగాని, లోపల ఆయనకు భయం. హైదరాబాదు నుంచి కామారెడ్డి కాలేజీకి వచ్చి ఏడాది తిరగలేదు. ఈ రాత పదిమంది కంటపడితే ఇక తలెత్తుకునేదెట్లా? చెరిపేద్దామని డస్టర్ అందుకోబోయాడో లేదో, తెలుగు లెక్చరర్ సిద్దిరాములు ధోతి కుచ్చెళ్లు సవరించుకుంటూ లోపలికి వచ్చాడు. తర్వాతి క్లాసు ఆయనదే.

"ఏంది ఖుద్దూస్ సాబ్, పిల్ల ఏడుస్తున్నది?"

ఖుద్దూస్ డస్టర్ దగ్గరి నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పద్యాలు తప్ప ఇంకో లోకం ఎరుగని ఈ పెద్దమనిషికి ఉర్దూ అక్షరాలేం తెలుస్తాయిలే అనుకున్నాడు.

"మీ మీదనే రాసింది సార్. చూసి నాకే సిగ్గయింది. అందుకే ప్రిన్సిపాల్ దగ్గరికి తీస్కపోతున్న."

రఫియా నోరు తెరిచింది. ఖుద్దూస్ ఉరిమి చూశాడు. తెరిచిన నోరు మూసుకుంది.

"నా మీదనా? ఏం రాసింది? చదువుండ్రి."

"వద్దు సార్, మీరు బాధపడ్తరు."

"ఫరవాలేదు, చదువుండ్రి సాబ్."

తప్పలేదు. ఖుద్దూస్ బోర్డు వంక చూస్తూ మెల్లగా తెలుగులో చెప్పాడు. "సార్ పాఠం చెప్పడు. పాత నోట్సు చూసి అప్పజెప్తడు. తలెత్తి మా దిక్కు ఒక్కసారి గూడ చూడడు. అర్థం కాలేదంటే కోపం జేస్తడు." 

సిద్దిరాములు బోర్డును పైనుంచి కిందిదాకా చూశాడు. 

"నిజమే రాసింది గద," అన్నాడు చివరికి.

"నిజమా? పేరులేని రాతకు విలువేంది సార్?"

"పేరు రాస్తే మనం బతకనిస్తమా? ఎమర్జెన్సీ మొన్ననే పాయె. మల్ల మనమే నోర్లు మూపిద్దమా? తిట్లు పడ్డది నేను. మాఫ్ చేసేది గూడ నేనే. నువ్వు పో బిడ్డా, రేపు టైముకు బస్సెక్కు."

 కాదనడానికి ఖుద్దూస్‌కు హక్కే మిగల్లేదు. రఫియా చున్నీతో కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తింది.

సిద్దిరాములు డస్టర్ చేతికి తీసుకున్నాడు. బోర్డు చెరపబోతూ ఆగి, గొంతు తగ్గించి అన్నాడు.

"నిజాం కాలంల నా చదువంత ఉర్దూలనే. మీ పేరు కింద ఆఖరి లైను చదువుడు మర్చినరు సాబ్. 'మనసు మాత్రం మెత్తన' అని గూడ రాసింది."