సీటు కింద సుత్తి

“మొగిలీ, నీ కాళ్లకాడ ఏందది? ఇనుపది?”

ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య కట్టిన పరదా కింద నుంచి బాలలక్ష్మి దొరసానికి అది కనిపించింది. కిందపడ్డ పాన్‌దాన్ తీసుకుందామని వంగితే కంటపడింది.

“సుత్తె, దొరసాని,” అన్నాడు డ్రైవర్ మొగిలి వెనక్కి తిరగకుండానే.

“సామానంత డిక్కీల ఉంటది గద?”

“డిక్కీల ఉంటే ఏం ఫాయిద? పోయినేడు వానల్ల పై రేవుల ఒక కారు మునిగింది. నీళ్లల్ల పడ్డంక తలుపు ఎంత నూకినా రాదట. అద్దం పలగ్గొట్టుకోని బయటపడాలె. సుత్తె చెయ్యికి అందకుంటే పానం పోతది.”

 బాలలక్ష్మి పరదా సందులోంచి చూస్తే ఎదురుగా గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. అవతల మంచిర్యాలలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని తెల్లవారగానే కబురొచ్చింది. రెండో కాన్పు, పైగా బిడ్డ అడ్డం తిరిగిందట. ఈ పూటే దాటి తీరాలి.

దాటడమంటే బల్లకట్టే దిక్కు. రెండు పడవలు జతకట్టి, పైన చెక్కలు పరిచి, దాని మీదికి కారెక్కిస్తారు. అప్పుడు కారులోని వాళ్లంతా దిగి చెక్కల మీద నిలబడతారు. బ్రేకు తొక్కి పట్టుకోవడానికి డ్రైవరొక్కడే లోపలుంటాడు. అయితే లింగారావు దొర ఇంట్లో ఘోషా. దొరలు దిగుతారు, దాసీలు దిగుతారు, దొరసాని దిగకూడదు. ఊళ్లు పోయి, జాగీర్లు పోయి, ఓట్లు కూడా వచ్చాయి గానీ ఆ ఇంటి పరదా మాత్రం ఊడలేదు.

ఆమె పొద్దున్నే భర్తను బతిమాలి చూసింది. “పడవోళ్ల నడుమ నిలబడ్తవా? మన ఇజ్జత్ ఏం కావాలె?” అని ఒక్క కసురు కసిరాడు. ఇప్పుడాయన గట్టు మీద పడవవాళ్ల మీద అరుస్తున్నాడు. మొగిలి భార్య మల్లక్క దొరసాని వెంట ఉండే మనిషి. బరువెక్కువైందని ఆమెనూ మూటలనూ రెండో విడతకు ఆపేశారు; దొర కూడా అప్పుడే దాటుతాడు.

“నాకు భయమైతుంది మొగిలీ. నా బిడ్డ మొకం చూడకుంటనే పోతనేమో,” అంది బాలలక్ష్మి. ఇన్నేళ్లలో నౌకరు ముందు ఆమె భయం బయటపెట్టడం ఇదే మొదలు.

 పరదా కింద నుంచి సుత్తి నెమ్మదిగా వెనక్కి జరిగింది.

“మీ సీటు కింద కుడిదిక్కు పెట్టుకోండ్రి. కండ్లు మూసుకోని తీయుండ్రి. నీళ్లల్ల ఏం కండ్లవడది.”

ఆమె కళ్లు మూసుకుని తడిమింది. మొదటిసారి దొరకలేదు. “మళ్ల,” అన్నాడు. ఈసారి పిడి చేతికొచ్చింది. “అద్దం నడుమ కొట్టద్దు, మూలకు కొట్టాలె. కొంగు నడుముకు చెక్కుకోండ్రి, తట్టుకుంటది.” బళ్లో పంతులు కూడా అంత ఓపికగా చెప్పడు.

“మరి నీకు?”

“నాకెందుకు దొరసాని?” మొగిలి నవ్వాడు. “గోదారి ఒడ్డున పుట్టినోన్ని. చిన్నప్పటి సంది గీ నీళ్లల్లనే ఆడిన. నేనెట్లన్న ఈదుకుంట వస్త. నా ఫికర్ పెట్టుకోకుండ్రి.”

ఆ మాటతో ఆమెకు సగం ధైర్యం వచ్చింది. కారు బల్లకట్టు ఎక్కుతుంటే పరదా సందులోంచి స్టీరింగు మీద అతని వేళ్లు వణకడం చూసింది. బయట దొర తిట్ల వర్షం కురిపిస్తున్నాడు. అయ్యో, పాపం, ఆయనంటే ఎవరికి మాత్రం వణుకు పుట్టదనుకుంది.

బల్లకట్టు ఒడ్డు విడిచి కాస్త దూరం పోయిందో లేదో, పైనుంచి కొట్టుకొచ్చిన మొద్దు ఒకటి పడవను ఢీకొంది. చెక్కలు ఒరిగాయి. చక్రాల కింది రాళ్లు జారాయి. కారు వెనక్కి దొర్లి గోదావరిలో పడింది.

తర్వాతదంతా చీకటి, బురద నీళ్లు. బాలలక్ష్మి చెయ్యి దానంతటదే సీటు కిందికి పోయింది. మూలకు కొట్టింది. మళ్లీ కొట్టింది. అద్దం పగిలింది. ఎవరిదో చెయ్యి ఆమె జబ్బ పట్టుకుని పైకి లాగింది.

గట్టు మీద పడేసరికి దొర పరుగున వచ్చి ముందుగా ఆమె ముఖం మీద కండువా కప్పాడు. ఆమె దాన్ని లాగి అవతల పారేసింది. ఇక ఎవరు చూస్తే ఏమిటి?

ఆమెను లాగిన పడవవాడు కొండల్ రొప్పుతూ అడిగాడు. “డ్రైవరు లోపలనే ఉన్నడా దొరసాని? మల్ల మునుగుత.”

అదే క్షణంలో ప్రవాహం దిగువ నుంచి కేక వినిపించింది. బల్లకట్టు నడిపే ముసలాయన ఒకడు తెగిన తాడు పట్టుకుని కొట్టుకుపోతున్నాడు.

“మొగిలికేం కాదు. ఆయన మస్తు ఈదుతడు,” అంది బాలలక్ష్మి. “నువ్వు గా ముసలాయన దిక్కు పో, జల్ది పో!”

కొండల్ అటు దూకాడు. ముసలాయన బతికాడు. చూస్తున్న జనమంతా హమ్మయ్య అనుకున్నారు. ఒక నౌకరు చెప్పిన ఉపాయంతో తాను బతికింది, తన మాటతో ఇంకో ప్రాణం నిలిచింది. ఇక కూతురి దగ్గరికి చేరితే చాలు. ఆమె మనసు చాలాకాలం తర్వాత తేలికైంది. మొగిలి ఏ గట్టున తేలతాడోనని నీళ్ల వైపు చూస్తూ కూర్చుంది.

మల్లక్క మూటలు వదిలేసి, జుట్టు విరబోసుకుని గట్టు వెంట పరుగెత్తుకొచ్చింది.

“ఏడ్వకు మల్లక్కా. నీ పెనిమిటే నాకు సుత్తె ఇచ్చి బతికిచ్చిండు. ఈదుకుంట ఏడనో ఒడ్డుకు పడ్తడు, సూడు.”

మల్లక్క దొరసాని గుప్పిట్లో ఇంకా బిగిసి ఉన్న సుత్తిని చూసింది. గోదావరిని చూసింది. అక్కడే కూలబడిపోయింది.

“ఆయినెకు ఈత రాదు, దొరసాని.”