చెక్‌లిస్టులో లేని ప్రశ్న

"మీ అబ్బాయి చనిపోయాడమ్మా. మేం చేయగలిగిందంతా చేశాం. సారీ. బాడీని గంటలో అప్పగిస్తాం. సందేహాలుంటే అడగండి."

యామిని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

కుర్చీలో కూర్చున్న రోసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

గంట మోగింది. యామిని బయటికొచ్చేసింది.

చావు కబురు బంధువులకు ఎలా చెప్పాలో మెడికల్ విద్యార్థులకు పెట్టే పరీక్ష అది. కొడుకు పోయిన తల్లిగా నటించడానికి కాలేజీవాళ్లు రోసమ్మను పిలిపిస్తారు. చెక్‌లిస్టు చూసి మేడమ్ సగం మార్కులు వేస్తే, మిగతా సగం రోసమ్మ వేస్తుంది.

"భలే ఏడుస్తుందే! సీరియల్లో పెట్టొచ్చు," అని నవ్వింది యామిని.

సాయంత్రం మార్కులు చూశాక ఆ నవ్వు కాస్తా పోయింది.

మేడమ్ అన్నీ వేసింది. రోసమ్మ మాత్రం పదికి రెండు వేసింది. షాగుఫ్తాకు పదికి పది!

ఫస్టియర్ నుంచీ బ్యాచ్ ఫస్ట్ యామినిదే. ఇప్పుడది, వైవాలో నోరు పెగలని షాగుఫ్తాది.

యామిని నేరుగా క్యాంటీన్‌కి వెళ్లింది.

"ఏం చెప్పావే ఆవిడకి?" షాగుఫ్తాను నిలదీసింది.

"నాకేం తోచలే యామినీ. స్టూల్ జరుపుకొని కూసున్న. మీ బాబు పేరేందమ్మా అని అడిగిన. దేవకృప అన్నది. దేవకృప ఇంక లేడమ్మా అన్న. నాకు సుత ఏడుపొచ్చింది, గంతే."

"పేరు అడగమని చెక్‌లిస్టులో లేదుగా!"

"లేదు."

"మరి పదికి పది ఎలా వేసింది?"

షాగుఫ్తా తన చాయ్ సగం సాసర్లో పోసి ముందుకు జరిపింది. యామిని ముట్టుకోలేదు.

సైనిక్‌పురి బస్సులో ఇంటికి పోతుంటే దారంతా ఆ మార్కుల ఏడుపే. ఉన్నట్టుండి జవాబు దొరికింది. రోసమ్మ, షాగుఫ్తా ఇద్దరిదీ బన్సీలాల్‌పేటే!

మర్నాడు, పరీక్ష పెట్టిన కుసుమకుమారి మేడమ్ ముందు నిలబడింది.

"మేడమ్, రోసమ్మది, షాగుఫ్తాది ఒకే పేట. తెలిసినవాళ్లకి మార్కులు పంచేస్తోంది."

"ఆమె అలాంటి మనిషి కాదమ్మా."

"అయితే ప్రిన్సిపాల్‌గారికే చెప్పుకుంటాను."

మేడమ్ ఏదో చెప్పబోయి ఊరుకుంది.

అన్నంత పనీ చేసింది యామిని. గొడవెందుకని రోసమ్మను ఇక రావద్దన్నారు.

గేటు దగ్గర రోసమ్మే ఎదురైంది. ఫిర్యాదు చేసిందెవరో పాపం ఆమెకు తెలియదు.

"ఇగ నన్ను రావొద్దన్నరు బిడ్డా. నువ్వు మంచిగ సదువుకో," అంది.

యామినికి హాయిగా అనిపించింది. నిజం, హాయిగానే అనిపించింది.

తర్వాతి పరీక్షకు నాటకాల్లో వేసే ఒకావిడ వచ్చింది.

యామిని ఈసారి గట్టిగా తయారైంది. షాగుఫ్తా చేసిందంతా బట్టీ పట్టింది. స్టూల్ జరుపుకుంది. కూర్చుంది. గొంతు తగ్గించింది.

"అమ్మా, మీ బాబు పేరేంటి?"

ఆవిడ ఏడుపు ఆపి తెల్లముఖం వేసింది.

"పేరా? నాకెవరూ చెప్పలేదే! మేడమ్, నాకు ముందు చేసిన రోసమ్మగారికి ఏం పేరు ఇచ్చారో నేనూ అదే చెప్పనా?"

మూల కూర్చున్న మేడమ్ పెన్ను పక్కన పెట్టింది.

"వద్దమ్మా. రోసమ్మకు మేం ఏ పేరూ ఇవ్వలేదు."

యామినికి అర్థం కాలేదు.

"మరి దేవకృప అని..."

"ఆమె సొంత కొడుకు. వాడు పోయిన రోజు డాక్టరు నిలబడే, బాడీ తీసుకెళ్లండని చెప్పి పోయాడట. పిల్లలు బెదిరిపోతారు, చెప్పొద్దంది రోసమ్మ."

మేడమ్ రోసమ్మ కూర్చునే కుర్చీ వైపు చూసింది.

"వాడి పేరేమిటని ఒక్క డాక్టరైనా అడక్కపోతారా అని, బ్యాచి బ్యాచికీ వచ్చి ఆ కుర్చీలో కూర్చునేది."